ప్యానెల్‌కి చోటు గుర్తుంటుంది, కారణం గుర్తుండదు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఆఫీసుల్లో ఇప్పుడు చాలాచోట్ల ఎవరి సీటూ వాళ్లది కాదు. ముందొచ్చినవాళ్లకి కిటికీ పక్కన, సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఏసీ కింద. ల్యాప్‌టాప్ తీసి డాక్‌కి, అంటే మానిటర్‌నీ మిగతావాటినీ కలిపే పెట్టెకి తగిలిస్తే ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో సైజు మానిటర్ వెలుగుతుంది. మా టీమ్‌లో విండోస్‌కి బదులు లినక్స్ వాడేవాళ్ల నోట ఆ సమయంలో వినపడే మాట దాదాపు ఒక్కటే: "నా ప్యానెల్ ఏదిరా?"

ప్యానెల్ అంటే తెర అంచున ఉండే ఆ పట్టీయే. మెనూ, తెరిచి ఉన్న విండోలు, గడియారం, వైఫై, బ్యాటరీ గుర్తులు అందులో ఉంటాయి. విండోస్ వాడేవాళ్లు దాన్ని టాస్క్‌బార్ అంటారు. లినక్స్‌లో ఒకప్పుడు గ్నోమ్ 2 దీన్ని మనకి నచ్చినట్టు మార్చుకోనిచ్చేది, ఇప్పుడు కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్, సినమన్ లాంటి డెస్క్‌టాప్‌లు మార్చుకోనిస్తాయి. పైకి జరపొచ్చు, పక్కకి తిప్పొచ్చు, రెండోది పెట్టుకోవచ్చు, ఒక్కో ముక్కనీ తీసి వేరేచోట పెట్టొచ్చు. ఈ స్వేచ్ఛే అన్ని గొడవలకీ మూలమని కొందరు డిజైనర్లు ఎప్పుడో తేల్చేశారు. నాకు అలా అనిపించదు. గడియారం ఎక్కడ పెట్టామో ప్యానెల్ అంకెల్లో రాసుకుంటుంది, అక్కడే ఎందుకు పెట్టామో మాత్రం ఎక్కడా రాసుకోదు. మిగతా చిక్కుల్లో చాలా భాగం ఇక్కడినుంచి పుట్టినవే.

దీనికి గ్నోమ్ 2 కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2002లో వచ్చిన ఈ డెస్క్‌టాప్‌ని లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుని పాతరోజుల్లో వాడినవాళ్లు మర్చిపోయి ఉండరు. పైన ఒక ప్యానెల్, కింద ఒక ప్యానెల్. ప్యానెల్ మీద ఉండే ప్రతి యాప్లెట్‌కీ, అంటే గడియారం, వాల్యూమ్ లాంటి ప్రతి ముక్కకీ, సెట్టింగ్స్‌లో కొన్ని విలువలు ఉండేవి: అది ఏ ప్యానెల్ మీద ఉంది, అంచునుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉంది, ఆ దూరాన్ని ఎడమనుంచి కొలవాలా కుడినుంచి కొలవాలా, లాక్ చేసి ఉందా లేదా. అంతే. "ఇది గడియారం, దీన్ని కుడి చివర చూడ్డం నాకు అలవాటు" అని చెప్పే గడి అందులో లేదు.

మీ తెర వెడల్పు 1280 పిక్సెళ్లు, గడియారం ఎడమనుంచి 1100 దగ్గర ఉందనుకోండి. మీటింగ్ రూమ్‌లో ప్రొజెక్టర్ తగిలించారు, తెర 1024కి కుదించుకుపోయింది. 1100 అనే చోటే ఇప్పుడు లేదు. ప్యానెల్ గడియారాన్ని లోపలికి నెడుతుంది, అది పక్కన ఉన్న వాల్యూమ్ గుర్తుని నెడుతుంది, వాల్యూమ్ ఇంకోదాన్ని నెడుతుంది. ప్రొజెక్టర్ తీసేశాక తెర మళ్లీ 1280 అవుతుంది కానీ, చాలాసార్లు గడియారం వెనక్కి వెళ్లేది కాదు. అది వెనక్కి వెళ్లాలని ప్యానెల్‌కి చెప్పేదెవరు? ఇప్పుడు దాని దగ్గర ఉన్నది కొత్త అంకె, పాత అంకె మీద అదే ఎక్కి కూర్చుంది. దూరాన్ని కుడినుంచి కొలిచే సదుపాయం ఈ బాధని కొంత తగ్గించింది. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకదాన్ని ఎడమనుంచీ ఇంకోదాన్ని కుడినుంచీ కొలిస్తే మాత్రం తెర ఇరుకైనప్పుడు అవి ఒకదాన్నొకటి తోసుకునేవి.

ఇదే ప్యానెల్‌ని గ్నోమ్ 3 కోసం సరిచేసినప్పుడు యాప్లెట్లని ఎడమ, మధ్య, కుడి అని మూడు గుంపులు చేశారు. చూడ్డానికి చిన్న మార్పు. నిజానికి అక్కడ జరిగింది, అంకె స్థానంలో ఉద్దేశాన్ని రాసుకోవడం. "కుడి గుంపులో చివరిది" అన్న మాట తెర 1024 అయినా 3840 అయినా చెల్లుతుంది. పాపం, ఆ మంచి పని జరిగేనాటికి ఆ ప్యానెల్‌ని చూసేవాళ్లు తగ్గిపోయారు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3 దాన్ని కొత్త గ్రాఫిక్స్ నడవని కంప్యూటర్ల కోసం పక్కన పెట్టేసింది.

ఉద్దేశాన్ని చెప్పే దారి లేనప్పుడు జనం ఖాళీతో చెప్పించడం మొదలుపెట్టారు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో గడియారం కుడి చివరికి పోవాలంటే దానికి ముందు ఒక సెపరేటర్ పెట్టి, అది సాగేలా, కనపడకుండా ఉండేలా టిక్ పెట్టాలి. ప్లాస్మాలో స్పేసర్ అని ఇలాంటిదే ఉంది. తెలిసినవాళ్లకి ఇది సులువే. కొత్తవాళ్లకి మాత్రం ప్యానెల్ మొత్తాన్ని నిలబెడుతున్నది కంటికి కనపడని వస్తువు. అదేంటో తెలియక తీసేస్తే అన్నీ ఒక మూలకి జారిపోతాయి. రెండు వైపులా స్పేసర్లు పెట్టి మధ్యలో ఏదైనా ఉంచితే అది తెరకి నడిమధ్యకి రావాలని కూడా లేదు. ఎడమవైపు మెనూ ఒక్కటే ఉండి కుడివైపు పది గుర్తులుంటే, మిగిలిన ఖాళీకి మధ్యలో, అంటే తెరలో కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. ప్లాస్మాలో దీన్ని తర్వాత సరిచేశారు.

రెండో తప్పు వేరే రకం. ప్యానెల్‌ని వాడేదీ, మార్చేదీ ఒకే చోట, ఒకే మౌస్‌తో. విండోస్ 95లో టాస్క్‌బార్‌ని లాగి ఏ అంచుకైనా పెట్టొచ్చు. దాని అంచు పట్టుకుని కిందికి లాగితే సన్నటి గీతలా మారిపోయి, కనపడనంత పలచబడేది కూడా. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో "టాస్క్‌బార్ పోయింది అన్నా" అన్న ఫిర్యాదుకి అసలు కారణం చాలాసార్లు ఇదే. 2001లో విండోస్ ఎక్స్‌పీ దీనికి తాళం వేసింది: టాస్క్‌బార్‌ని లాక్ చేసే ఆప్షన్. గ్నోమ్ 2లో ఈ తాళం ఒక్కో యాప్లెట్‌కీ విడివిడిగా వేసుకోవాల్సి వచ్చేది.

తాళం వేస్తే పని అయిపోతుందా అంటే, సగమే. గ్నోమ్ 2లో కుడివైపు నెట్‌వర్క్, బ్యాటరీ లాంటి గుర్తులుండే నోటిఫికేషన్ ఏరియా కూడా ఒక యాప్లెటే. దాన్ని జరపాలని ఆ గుర్తుల మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చేది నెట్‌వర్క్ వాడి మెనూ, బ్యాటరీ వాడి మెనూ. ఆ యాప్లెట్ సొంత మెనూ కావాలంటే దాని ఎడమ అంచున కొద్ది పిక్సెళ్ల వెడల్పున్న పట్టు మీద గురిచూసి క్లిక్ చేయాలి. ఆ పట్టు ఉందని తెలిసినవాళ్లు ఎంతమందో! తెలిసినవాళ్లకి వచ్చే మెనూలో "జరుపు", "తీసెయ్" రెండూ పక్కపక్కనే ఉండేవి.

కేడీఈ వాళ్లు ఈ ముడి విప్పడానికి చాలా తిప్పలు పడ్డారు. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చినప్పుడు ప్యానెల్ ఎత్తు మార్చడానికి సెట్టింగ్స్‌లో దారే లేదు, అది తర్వాత వచ్చింది. డెస్క్‌టాప్ మూలన ఎడిటింగ్ కోసం ఒక చిన్న బటన్ పెట్టారు. దాని ఆకారం చూసి జనం జీడిపప్పు అని పేరు పెట్టారు, దాన్ని ఎలా తీసేయాలని ఏళ్ల తరబడి పోట్లాడారు. చివరికి 2020 ఫిబ్రవరిలో ప్లాస్మా 5.18తో ఎడిట్ మోడ్ వచ్చింది. మార్చాలనుకున్నప్పుడు ఆ మోడ్‌లోకి వెళ్తారు, పని అయ్యాక బయటికొస్తారు, మిగతా సమయంలో ఏదీ కదలదు. కట్, కాపీ, పేస్ట్‌ని ప్రపంచానికి అలవాటు చేసినవాళ్లలో ఒకరైన లారీ టెస్లర్ సరిగ్గా అదే నెలలో చనిపోయారు. తెరమీద మోడ్‌లు ఉండకూడదని జీవితమంతా వాదించి, కారు నంబర్ ప్లేట్ మీద కూడా "నో మోడ్స్" అని పెట్టుకున్న మనిషి. ఒకే క్లిక్ ఒకప్పుడు ఒక పని, ఇంకోసారి ఇంకో పని చేయకూడదన్నది ఆయన వాదన. మోడ్ లేకుండా పాతికేళ్లు చూశాక ప్యానెల్ విషయంలో నేను కేడీఈ వైపే. రోజూ వందసార్లు తాకే దాన్ని, ఏడాదికి రెండుసార్లు చేసే మార్పు కోసం ఎప్పుడూ తెరిచి ఉంచడం న్యాయం కాదు.

దూరాన ఉన్నవాళ్లకి ఫోన్‌లో సాయం చేసినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఒంగోల్లో ఉన్న మా నాన్నగారి కంప్యూటర్‌లో ఒకరోజు కింది ప్యానెల్ కనపడలేదు.

"నాన్నా, కింద బార్ మీద రైట్ క్లిక్ చెయ్యండి."

"బార్ ఉంటే నీకెందుకు ఫోన్ చేస్తాన్రా?"

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ప్యానెల్ పోతే దాన్ని తిరిగి తెచ్చే దారి కూడా ప్యానెల్ మీదే ఉంటుంది. పైగా నేను ఇటునుంచి చెప్పే సూచనలు నా తెరకి సరిపోతాయి, ఆయన తెరకి కాదు. "ఎడమవైపు కింద మొదటిది" అనే మాట మార్చుకునే వీలున్న ప్యానెల్ మీద చెల్లదు. ఆఫీసుల్లో ఐటీ హెల్ప్‌డెస్క్ వాళ్లు ఇలాంటి డెస్క్‌టాప్‌లంటే విసుక్కునేది కూడా ఇందుకే.

పోయినదాన్ని తిరిగి తెచ్చే విషయంలోనూ మధ్యే మార్గం లేదు. గ్నోమ్ 2లో ప్యానెల్ డిలీట్ చేయబోతే, ప్యానెల్‌తో పాటు దాని సెట్టింగ్స్ కూడా పోతాయని ఒక హెచ్చరిక వచ్చేది. నిజమే చెప్పింది, పోయేవి. ఆ తర్వాత మిగిలేది టెర్మినల్‌లో ఒకటి రెండు కమాండ్లు కొట్టి అన్నిటినీ ఫ్యాక్టరీ స్థితికి తేవడం. ఒక్క గడియారం పోయినందుకు ఏళ్ల తరబడి సర్దుకున్నదంతా తుడిచేయాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే కొన్నేళ్లపాటు మొదటిసారి లాగిన్ అయినప్పుడే అడిగేది: మామూలు ప్యానెల్ కావాలా, ఖాళీ ప్యానెల్ ఒకటి కావాలా? ఆ డెస్క్‌టాప్ ఎలా ఉంటుందో ఇంకా చూడనివాళ్లని అడిగే ప్రశ్న అది. ఖాళీది ఎంచుకున్నవాళ్లకి మెనూ కూడా లేని ఒట్టి పట్టీ దక్కేది. ప్లాస్మా ఇక్కడ కొంచెం నయం, విడ్జెట్ (యాప్లెట్‌కి ప్లాస్మాలో పేరు) తీసేయగానే "అన్‌డూ" అని నోటిఫికేషన్ వస్తుంది. అది తెరమీద ఉన్నంతసేపే.

ఇక రెండు మానిటర్ల సంగతి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇది.

మానిటర్ తగలగానే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టాలి. దానికి రెండు ఆధారాలు. ఒకటి, ఏ పోర్టుకి తగిలించారన్నది. రెండోది, మానిటరే చెప్పే వివరాలు: తయారీదారు కోడ్, మోడల్ కోడ్, సీరియల్ నంబర్. పోర్టుని నమ్ముకుంటే డాక్‌ల దగ్గర దెబ్బ తింటారు. డాక్ ద్వారా వచ్చే డిస్‌ప్లేపోర్ట్ పేరు నిన్న 3 అని ఉంటే ఇవాళ 5 అవ్వచ్చు. మానిటర్ మాటే నమ్ముదామంటే, చవకరకం మానిటర్లలో కొన్నిటికి సీరియల్ నంబర్ ఖాళీగా ఉంటుంది, లేదా ఆ బ్యాచ్ మొత్తానికి ఒకటే ఉంటుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒకే మోడల్‌వి రెండు తెచ్చి ఇంట్లో పక్కపక్కన పెట్టుకుంటే, ఏది ఎడమదో ఏది కుడిదో తేల్చుకోలేక కంప్యూటర్ తికమక పడటానికి ఇదొక కారణం.

గుర్తుపట్టలేనప్పుడు ఏమవుతుంది? అది కొత్త మానిటర్ కింద లెక్క. కొత్తదానికి ప్యానెల్ లేదు. పాతదాని ప్యానెల్ ఫైల్లో భద్రంగానే ఉంటుంది, కాకపోతే ఎప్పటికీ రాని మానిటర్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మనం దాన్ని పెట్టిన ఉద్దేశం "నేను ఎదురుగా చూసే పెద్ద తెరమీద ఉండాలి" అని. అది రాసుకున్నది మాత్రం "డిస్‌ప్లేపోర్ట్ 3 మీద ఉండాలి" అని. మళ్లీ అదే కథ.

2023 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 5.27లో ఈ భాగాన్ని దాదాపు తిరగరాశారు. ఇప్పుడు మానిటర్లకి మొదటిది, రెండోది అని వరుస ఉంటుంది. ప్యానెల్ ఆ వరుసని పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఏ టేబుల్ దగ్గర ఏ మానిటర్ తగిలినా మొదటిది మొదటిదే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్ ఏ తెరమీద ఉండాలో చెప్పేచోట "ప్రైమరీ" ఎంచుకున్నా దాదాపు ఇదే పని జరుగుతుంది. ఉద్దేశానికి దగ్గరగా ఉన్న సమాచారాన్ని దాచుకుంటే సగం గొడవ తగ్గుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇంకో చిక్కు ప్యానెల్‌లో లేదు, దాని కింద ఉన్న పునాదిలో ఉంది. విండోని పెద్దది చేస్తే అది ప్యానెల్ కిందికి పోకుండా ఆగుతుంది కదా. లినక్స్‌లో విండోలని తెరమీద చూపించే పాత పద్ధతి ఎక్స్11లో, "ఈ అంచున ఇన్ని పిక్సెళ్లు వదలండి" అని ప్యానెల్ ప్రకటించడం వల్ల అలా ఆగుతుంది. ఆ అంచు అంటే మీ మానిటర్ అంచు కాదు, అన్ని మానిటర్లూ కలిపి ఏర్పడే మొత్తం డెస్క్‌టాప్ అంచు. ఇప్పుడు మన టేబుల్ చూడండి: పైన మానిటర్, దాని కింద ల్యాప్‌టాప్, రెండూ 1080 పిక్సెళ్ల ఎత్తు, మొత్తం 2160. పైమానిటర్ అడుగున 40 పిక్సెళ్ల ప్యానెల్ పెట్టారు. అది మొత్తం డెస్క్‌టాప్‌కి కింది అంచు కాదు, నడుము. అక్కడ చోటు వదలమని చెప్పాలంటే కిందనుంచి 1120 పిక్సెళ్లు వదలమనాలి, అంటే ల్యాప్‌టాప్ తెర మొత్తం నిషిద్ధం! అందుకని ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి ఇలాంటి చోట అసలు చోటే అడగవు, విండోలు ప్యానెల్ ఉన్న జాగాలోకి కూడా వచ్చేస్తాయి. వాడేవాళ్లకి ఇది ప్యానెల్ తప్పులా కనపడుతుంది. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలండ్‌లో ప్యానెళ్ల కోసం చాలా డెస్క్‌టాప్‌లు వాడే లేయర్ షెల్ పద్ధతిలో చోటుని ఏ మానిటర్‌కి ఆ మానిటర్ దగ్గరే లెక్కిస్తారు కాబట్టి ఈ ఇబ్బంది లేదు. గ్నోమ్ మాత్రం ఆ పద్ధతిని తీసుకోలేదు.

మన లిపికి సంబంధించినది ఒకటుంది, ఇంగ్లిష్‌లో డిజైన్ చేసేవాళ్ల కంట పడదు. ప్యానెల్ ఎత్తు ఒక అంకె, అక్షరం సైజు ఇంకోచోట ఇంకో అంకె. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన ఎత్తులో తెలుగు ఇమడదు, పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. తెలుగులో పెట్టుకున్న డెస్క్‌టాప్‌లో గడియారం "శుక్రవారం" అని చూపించాలంటే కొన్నిచోట్ల క్రావడి అడుగు తెగిపోతుంది, కొన్నిచోట్ల మొత్తం పదం చీమంత అయిపోతుంది. ప్యానెల్‌ని నిలువుగా తిప్పితే వెడల్పు చాలక ఇంకా చిక్కిపోతుంది. నిలువు ప్యానెల్‌కి వీలిచ్చిన చాలా డెస్క్‌టాప్‌లలో విడ్జెట్లు, ప్యానెల్ అడ్డంగానే ఉంటుందని నమ్మి రాసినవే. తిప్పే స్వేచ్ఛ ప్యానెల్ ఇచ్చింది, తిరిగే బాధ్యత విడ్జెట్ మీద పడేసింది.

అంచు గురించి క్లుప్తంగా. 1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం ప్రకారం పెద్దదీ, దగ్గరిదీ అయిన వస్తువుని త్వరగా అందుకుంటాం. తెర అంచున ఉన్న బటన్‌ని దాటి మౌస్ పోలేదు కాబట్టి అది ఎంతో పెద్దదాని కింద లెక్క. విండోస్ 95లో స్టార్ట్ బటన్‌కీ మూలకీ మధ్య చిన్న సందు వదిలి, మూలకి వెళ్లి క్లిక్ చేస్తే ఏమీ జరగకుండా చేశారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో ప్యానెల్ అంచుని వదిలి గాల్లో తేలుతూ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. ఆ సందులో పడిన క్లిక్కులని ప్యానెల్‌కే పంపేలా చేశారు కాబట్టి పాత తప్పు తిరిగి రాలేదు.

ఇన్ని చిక్కులు చూసి కొందరు అసలు మార్చుకునే వీలునే తీసేశారు. గ్నోమ్ 3 అదే చేసింది. 2011లో ఉబుంటు తన మామూలు డెస్క్‌టాప్‌గా యూనిటీని తెచ్చినప్పుడు లాంచర్‌ని, అంటే యాప్‌లు తెరిచే పట్టీని, ఎడమ అంచునుంచి కదలనివ్వలేదు, 2016లో ఉబుంటు 16.04 వచ్చేదాకా కిందికి తెచ్చుకునే వీల్లేదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు, 95 నుంచీ ఉన్న సౌకర్యం, అంటే టాస్క్‌బార్‌ని పైకో పక్కకో జరుపుకోవడం, మాయమైంది. దీనివల్ల కంపెనీలకి పరీక్షించే పని తగ్గింది. జనానికి అవసరం మాత్రం తగ్గలేదు. పోపుల డబ్బాలో ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో చూడకుండానే చేతికి తెలిసినట్టు, పదేళ్లుగా నిలువు టాస్క్‌బార్ వాడిన చేయి అటే పోతుంది. గ్నోమ్‌లో ఆ అవసరం ఎక్స్‌టెన్షన్ల రూపంలో, అంటే బయటివాళ్లు రాసే అదనపు ముక్కల రూపంలో తిరిగొచ్చింది. డాష్ టు ప్యానెల్, డాష్ టు డాక్ అలా పుట్టినవే. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు లోపలి పద్ధతి మారి, పాత ఎక్స్‌టెన్షన్లన్నిటినీ సవరించి రాయాల్సి వచ్చింది. వీలు తీసేయడం వల్ల సమస్య పోలేదు, డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్ల దగ్గర్నుంచి ఖాళీ సమయంలో ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ల నెత్తిమీదికి మారింది.

సీటు రోజూ మారే ఆఫీసులో ఉన్నవాళ్లకి ప్రస్తుతానికి పనికొచ్చేవి: ప్యానెల్ ఒక్కటే ఉంచుకుని దాన్ని ప్రైమరీ లేదా మొదటి తెరకి కట్టేయడం, మానిటర్ పైన ల్యాప్‌టాప్ కింద పెట్టుకుని ఎక్స్11 వాడుతుంటే ప్యానెల్‌ని పైమానిటర్ పై అంచుకి మార్చడం, అన్నీ సర్దుకున్న రోజే సెట్టింగ్స్ ఒక కాపీ తీసి దాచడం. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్ ప్రొఫైల్స్ అని ఇందుకోసమే ఒక టూల్ ఉంది. నాన్నగారి కంప్యూటర్ లాంటి వాటికీ, కాలేజీ ల్యాబులకీ అయితే ప్లాస్మాలో కియోస్క్ అనే ఏర్పాటుతో సెట్టింగ్స్ ఫైల్లోనే "ఇది మార్చకూడదు" అని రాసేయొచ్చు. అయితే ఇంట్లో తీసిన కాపీని ఆఫీసులో ఎక్కిస్తే మాత్రం ఒకసారి లోపల చూసుకోండి. మానిటర్ పేరు కూడా దాంతోపాటే వచ్చి కూర్చుని ఉండొచ్చు.